ఓర్పు వేరు, నిబ్బరం వేరు
– కరువు సాహిత్యంలో ఆశావాదంపై ఒక పరిశీలన

కష్టకాలంలో మనిషి ధైర్యం కోల్పోకూడదు అన్న మాటను కాదనేవారు లేరు. పీఠాధిపతి ఒప్పుకుంటాడు, వడ్డీవ్యాపారి ఒప్పుకుంటాడు, మంత్రి ఒప్పుకుంటాడు, విప్లవ కవి కూడా ఒప్పుకుంటాడు. ఇంతమంది ఏకగ్రీవంగా ఒప్పుకునే మాట దగ్గర సాహిత్య విమర్శకుడు కాసేపు ఆగవలసి ఉంటుంది. మాట అందరిదీ ఒకటే కావచ్చు గానీ, దాని వెనుక ప్రయోజనం అందరిదీ ఒకటి కాదు. పంట పోయిన రైతు ఇంటి ముందు నిలబడి, బాకీ వసూలుకు వచ్చినవాడు "దిగులుపడొద్దు, వచ్చే ఏడు పండుతుంది" అంటాడు. అదే మాట పక్క చేను రైతు కూడా అంటాడు. మొదటివాడికి కావలసింది రైతు ఇంకో ఏడు కాడి దించకుండా ఉండటం. రెండోవాడికి ఆ మాట ఒక ముందుమాట మాత్రమే. ఆ తర్వాతి మాట "నీ ఒంటెద్దుకు నా ఎద్దును జతకట్టుకో" అని. ఈ రెండు ధైర్యవచనాలనూ ఒకే గాట కట్టే సాహిత్యం ఎవరి పక్షాన నిలబడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

తెలుగులో ఈ విషయానికి మాటల కొరత లేదు. ఓర్పు, సహనం, తాళిమి, నిబ్బరం, తెగువ, మొండితనం – అన్నీ ఉన్నాయి. నిఘంటువులో వీటి అర్థాలు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. జీవితంలో అలా కాదు. ఓర్పు అంటే మీద పడినదాన్ని భరించడం. నిబ్బరం అంటే మీద పడినదాని కింద నిలబడి ఉండటం. భరించేవాడికి బరువు ఎక్కడినుంచి వచ్చిందో తెలియనక్కరలేదు. నిలబడేవాడికి తెలియాలి. తెలియకపోతే ఏ కాలు ముందుపెట్టాలో, ఏ భుజం మార్చుకోవాలో అతనికి తోచదు. ఓర్పును పైనున్నవాడు కిందివాడికి బోధిస్తాడు. నిబ్బరాన్ని కిందివాళ్లు ఒకరినుంచి ఒకరు నేర్చుకుంటారు. సాహిత్యంలో ఆశావాదాన్ని కొలవడానికి ఈ తేడాయే అసలైన కొలబద్ద అని ఈ వ్యాసం వాదన. కథ చివరి పేరాలో సూర్యుడు ఉదయించాడా, అస్తమించాడా అన్నది కొలబద్ద కాదు.

1

ఆశ గాలిలోంచి పుట్టదు. దానికి భౌతికమైన పునాది ఉంది. కొండాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల సేద్యం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. కడప జిల్లాకు సగటున ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన అంటారు. సగటు అన్నది లెక్కల పుస్తకానికి పనికివచ్చే మాట. చేనుకు కావలసింది సగటు కాదు, అదను. వాన మొత్తం పడినా అదను తప్పితే అది కరువే. నల్లరేగడిలో బుడ్డశనగ వేసే రైతు వానాకాలం చివరి పదును కోసం కాచుకుంటాడు. ఆ పదును పట్టుకుని విత్తనం వేశాక మంచు మీదా, నేల అడుగున దాగిన తేమ మీదా పైరు నడవాలి. పులివెందుల వైపు చీనీ తోట పెట్టినవాడు కాపు కళ్లజూడటానికి నాలుగైదేళ్లు ఆగాలి. ఆ లోపల బోరు ఎండితే ఇంకో బోరు, అదీ ఎండితే ట్యాంకరు నీళ్లు, అదీ కుదరకపోతే గొడ్డలి.

ఇలాంటి నేల మీద ప్రతి విత్తనమూ ఒక ఆశావాద ప్రకటనే. ఆ మాట దగ్గరే ఆగిపోతే మనం కవిత్వం చెప్పినట్టు అవుతుంది, విమర్శ చేసినట్టు కాదు. పాతరల కాలంలో రైతు కుటుంబం పస్తులైనా పడుకునేది గానీ విత్తనపు జొన్నలు ముట్టేది కాదు. ఆకలికీ విత్తనానికీ మధ్య గీసిన ఆ గీతే వారి నిబ్బరం. అది వారి చేతిలో ఉన్న వస్తువు. ఈనాడు విత్తనం అంగట్లోది, ఎరువు అంగట్లోది, బోరు వేసే బండి అద్దెది, ఆ మూడింటికీ పెట్టిన డబ్బు వడ్డీది. ఒకప్పుడు ఆశ పాతరలో ఉండేది, ఇప్పుడు అప్పు పద్దులో ఉంది. పట్టుదల ఎక్కువైనకొద్దీ అప్పు ఎక్కువవుతుంది. మూడో బోరు ఎండినా నాలుగోది వేసినవాడిని పట్టుదల లేనివాడని ఎవరనగలరు? వాడిని ముంచినది నిరాశ కాదు, ఆశ! సేద్యం మీద రాసిన కథకు సింగమనేని నారాయణ 'జూదం' అని పేరుపెట్టారు. ఆ ఒక్క శీర్షికలో ఎంత అర్థశాస్త్రం ఉందో, "ఎప్పటికీ వదలకు" అని బోధించే పుస్తకాలు పది చదివినా దొరకదు. జూదంలో పట్టుదల సుగుణం కాదు. ఆట నియమాలు ఎవరు రాశారో అడగడమే అక్కడ మొదటి వివేకం.

2

ఈ వెలుగులో చూస్తే వ్యక్తిత్వ వికాస సాహిత్యం లోపం ఎక్కడుందో తేటపడుతుంది. 1990ల నుంచి తెలుగులో ఈ పుస్తకాలు విరివిగా వస్తున్నాయి. ఒకప్పుడు నవల చదివిన మధ్యతరగతి పాఠకుడు ఇప్పుడు వీటిని చదువుతున్నాడు. వీటిలో చెప్పిందంతా అబద్ధం అనడం అన్యాయం. వేళకు లేవడం, పని వాయిదా వేయకపోవడం, ఓటమికి కుంగకపోవడం మంచి అలవాట్లే. పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు ఇవి వద్దని ఎలా అంటాడు?

చిక్కంతా ఒక్క తర్కం దగ్గర వస్తుంది. గెలుపు నీ మనసులో ఉంది అన్నప్పుడు, ఓటమి కూడా నీ మనసులోనే ఉంది అని చెప్పినట్టే. మొదటి సగం ప్రోత్సాహం, రెండో సగం నేరారోపణ. వాన రాకపోతే తప్పు నీ ఆలోచనా విధానానిది. ధర పడిపోతే నీలో సానుకూల దృక్పథం తగ్గింది. ఉద్యోగం రాకపోతే ఇంటర్వ్యూలో నీ చిరునవ్వు సరిపోలేదు. కష్టంలో ఉన్నవాడి నెత్తిన కష్టంతోపాటు దాని బాధ్యతను కూడా మోపడం ఇది. చేనులో చచ్చిన రైతును "పిరికివాడు" అని పెద్దమనుషులు చావడిలో తీర్పు చెప్పేటప్పుడు పనిచేసేది ఈ తర్కమే. చదువుకున్నవారు దానికి మెరుగైన భాష తొడిగారు, అంతే తేడా.

ఇది ఈ కాలపు రోగం మాత్రమే కూడా కాదు. మన పాఠ్యపుస్తకాలు వేమనను ఎలా వాడుకున్నాయో చూడండి. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను అచ్చువేయించాడు. ఆ వేమనలో సాధనను మెచ్చుకున్న పద్యాలున్నాయి, కులాన్ని నిలదీసిన పద్యాలున్నాయి, కపట గురువులను ఎండగట్టిన పద్యాలున్నాయి. బడిపిల్లవాడి నోట ముందుగా పలికేవి మొదటి రకంవి. సాధన చేయమన్న వేమనను తీసుకుని, ఎందుకని అడిగిన వేమనను గుమ్మం బయట నిలబెట్టాం. ప్రశ్న తీసేసిన సాధన ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు ఉంటుంది. రోజంతా నడుస్తుంది, ఎక్కడికీ పోదు.

3

ఓర్పుకూ నిబ్బరానికీ ఉన్న తేడాను ప్రపంచ సాహిత్యంలో స్పష్టంగా చూపిన రచనల్లో ప్రేమ్‌చంద్ 'గోదాన్' ఒకటి. 1936లో లక్నోలో అఖిలభారత అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షత వహించినవాడు, అదే ఏడు వెలువరించిన నవల ఇది. కథానాయకుడు హోరి ఓర్పుకు మారుపేరు. ఒక ఆవును ఇంటిముందు కట్టుకోవాలన్నది అతని జీవితాశయం. ఆవు వస్తుంది. సొంత తమ్ముడే దానికి విషం పెడతాడు. పోలీసులు తమ్ముడి ఇల్లు సోదా చేస్తే వంశం పరువు పోతుందని, హోరి అప్పుచేసి లంచం ఇవ్వబోతాడు. పంచాయితీ జరిమానా వేస్తే, ఇంట్లో తిండిగింజలను తన నెత్తిన మోసుకుపోయి పెద్దల ఇంట పోసి వస్తాడు. చివరకు వడగాలిలో కూలిపని చేస్తూ కూలిపోతాడు. హోరిలో పట్టుదలకు లోటేమీ లేదు. జీవితం పొడుగునా అతను ఒక్కరోజు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కానీ ఆ ఓర్పులో ప్రతి గింజా ఎవరి గాదెకు చేరిందో ప్రేమ్‌చంద్ లెక్క రాసి చూపించాడు.

హోరి భార్య ధనియా వేరు. ఆమె కూడా అదే ఇంట్లో అదే గంజి తాగింది. కాయకష్టంలో ఆమె వాటా తక్కువేమీ కాదు. అయినా లంచం కోసం తెచ్చిన డబ్బును హోరి చేతిలోంచి లాగి నేలకు విసిరికొట్టి, దారోగా ముఖం మీదే గ్రామపెద్దల గుట్టు బయటపెడుతుంది. కొడుకు వల్ల గర్భవతి అయి దిక్కులేక వచ్చిన వితంతువును కులం కట్టుబాటు కాదని ఇంట్లో పెట్టుకుంటుంది. ధనియా గెలిచిందా? లేదు. నవల చివర భర్త శవం దగ్గర, తాడు పేని సంపాదించిన ఇరవై అణాలు అతని చేతిలో పెట్టి, అదే గోదానమని పురోహితుడితో చెప్పి పడిపోతుంది. అయినా పుస్తకం మూసిన పాఠకుడిలో మిగిలే బలం ధనియాది. ఓర్పు హోరిది, నిబ్బరం ధనియాది. ఆ ఇద్దరినీ ఒకే గుడిసెలో ఉంచి చూపడమే ప్రేమ్‌చంద్ గొప్పతనం.

ఆ రోజుల్లోనే ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ కూడా రాశాడు. చనిపోయిన స్త్రీకి కఫన్ గుడ్డ కోసం అడుక్కొచ్చిన డబ్బుతో ఆమె భర్తా, మామా తాగి పడిపోయే కథ అది. అందులో ఆశాకిరణం మాట అటుంచి, కిరణం దూరే సందు కూడా లేదు. అభ్యుదయ సాహిత్యోద్యమానికి తొలి అధ్యక్షుడు 'కఫన్' రచయిత అన్న సంగతిని, ప్రతి కథకూ ఆశాజనకమైన ముగింపు ఉండితీరాలనే మిత్రులు గుర్తుపెట్టుకోవడం మంచిది.

4

ఇక మన పెన్న ఒడ్డుకు వద్దాం. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' 1956లో వెలువడింది. తరిమెలలో పుట్టి, రాజకీయాల కోసం జైలుకు వెళ్లివచ్చి, పత్రికా రచయితగా స్థిరపడిన కవి ఆయన. కట్టెలు కొట్టి బతికే రంగడు, అతని భార్య గంగమ్మ ఆ కావ్యంలో ప్రధాన పాత్రలు. నీళ్లుండవలసిన ఏటిలో ఇసుక ఉంది. తిండి ఉండవలసిన కడుపులో బిడ్డ ఉంది. పైచూపుకు ఇది నిరాశా కావ్యం. రాయలసీమ గతవైభవం తలచుకుని వగచే ఛాయ కూడా ఉంది గనుక, అభ్యుదయ దృష్టితో చదివినవారికి కొంత అసంతృప్తి కలగడం సహజమే.

ఆ అసంతృప్తిలో న్యాయం కొంతే ఉంది. 'పెన్నేటి పాట'లో భవిష్యత్తును గురించిన వాగ్దానం లేదు, నిజమే. ఉన్నది వేరొకటి. ఆనాటికి తెలుగు కావ్యానికి నాయకుడంటే ఎక్కువగా రాజు, ప్రేమికుడు, లేదా భావకవి. ఆ చోటులో ఒక కట్టెలమోపు వాడినీ, అతని భార్యనూ నిలబెట్టి, వాళ్ల ఒకనాటి కూటి సమస్యను కావ్యవస్తువు చేయడంలో ఒక విలువ ఉంది. కష్టానికి పేరు పెట్టడం అది. పెన్న ఎండిపోవడం దైవలీలగా కాక, అడిగి తేల్చుకోవలసిన ప్రశ్నగా పాఠకుడి ముందుకు వచ్చింది. పేరులేని కష్టాన్ని మనిషి కర్మ అంటాడు. పేరున్న కష్టాన్ని సమస్య అంటాడు. కర్మకు ఓర్పు చాలు, సమస్యకు నిబ్బరం కావాలి. కర్మను సమస్యగా మార్చడం చిన్న ఆశావాదం కాదు. అయితే రంగడు, గంగమ్మ ఆ బరువును ఇద్దరే మోశారు. వారి చుట్టూ ఉన్న మనుషులు నీడలుగా మిగిలారు. ఆ కావ్యానికి పరిమితి ఉన్నదంటే అది దుఃఖంలో కాదు, ఆ ఒంటరితనంలో ఉంది.

అరవై ఏళ్ల తర్వాత అదే సీమనుంచి వచ్చిన మరో రచన ఈ ఒంటరితనాన్ని బద్దలు కొట్టింది. కడప జిల్లా ఉపాధ్యాయుడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. ఊళ్లో మేత, నీళ్లు లేని కరువు రోజుల్లో గొర్రెల మందలను నల్లమల కొండల్లోకి తోలుకుపోయి, వానలు పడేదాకా అక్కడే ఉండి మేపుకోవడాన్ని కొండపొలం వెళ్లడం అంటారు. ఇంజనీరింగు చదివి, నగరంలో ఉద్యోగాల వేటలో ఓడి, బెదురు తప్ప మరేమీ మిగలని ఒక కాపరి ఇంటి కుర్రవాడు ఆ మందల వెంట అడవికి పోతాడు.

వ్యక్తిత్వ వికాస పుస్తకం చేతిలో పడితే ఈ కథ ఎలా తయారయ్యేదో ఊహించడం కష్టం కాదు. అడవి ఒక శిక్షణ శిబిరం, పులి ఒక పరీక్ష, విజయం ఒక ఉద్యోగం. ఈ నవల మీద 2021లో వచ్చిన సినిమా కథను అటవీ సేవ ఉద్యోగపు ఇంటర్వ్యూ చట్రంలో బిగించినప్పుడు జరిగింది దాదాపు అదే. కుర్రవాడు అధికారి అయ్యాడు గనుక అడవిలో పడ్డ కష్టం సార్థకమైంది అన్న భావం ప్రేక్షకుడికి మిగిలింది. మరి అతనికి అడవిలో నడక నేర్పిన కాపరుల సంగతి? వాళ్లు ఏ ఇంటర్వ్యూకూ పోరు. మళ్లీ కరువు వస్తే మళ్లీ కొండకే పోతారు. వాళ్ల కష్టం దేనివల్ల సార్థకమైనట్టు?

నవలలో బలం ఆ చట్రంలో లేదు. రోజువారీ పనిలో ఉంది. ఏ లోయలో నీటిగుంట ఉందో గుర్తుపెట్టుకోవడం, మందను చెదరనివ్వకుండా తోలడం, రాత్రి వంతులవారీగా కావలి కాయడం, మృగం అలికిడి పసిగట్టడం, జబ్బుచేసిన గొర్రెను మోసుకురావడం – వీటిలోంచి కుర్రవాడి బెదురు పోతుంది. ఎవరూ అతనికి "ధైర్యంగా ఉండు" అని ఉపన్యాసం ఇవ్వరు. ఒక పని అప్పగిస్తారు, పక్కన నిలబడతారు. పుస్తకాల చదువు లేనివాళ్ల దగ్గర పట్టా పొందినవాడు శిష్యరికం చేస్తాడు. ధైర్యం మనోధర్మం కాదనీ, అది ఒక వృత్తిజ్ఞానమనీ, అది మందిలో ఉండి నేర్చుకునేదనీ ఈ భాగాలు చెబుతున్నాయి. 'పెన్నేటి పాట' కష్టానికి పేరు పెట్టింది. 'కొండపొలం' దానికి పనినీ, తోడునూ చేర్చింది. అరవై ఏళ్ల మన సాహిత్యం నడిచిన దూరం అది.

ఒక కొరత మాత్రం చెప్పక తప్పదు. కరువు ఎందుకు వస్తుంది, ఊరి బీళ్లు ఏమయ్యాయి, మందలకు మేత భూమి ఎందుకు లేకుండా పోయింది అన్న ప్రశ్నలు అడవి సౌందర్యం ముందు కొంత వెనక్కి తగ్గాయి. పులిని ఎదుర్కొన్న కుర్రవాడు ఆ ప్రశ్నలను కూడా అంత సూటిగా ఎదుర్కొని ఉంటే, నిబ్బరానికి మూడో కాలు కూడా అమరి ఉండేది.

5

ముగింపుల సంగతి మనవాళ్లను ఎంతోకాలంగా వేధిస్తున్నది. మన పక్షం కథల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. తొమ్మిది పేజీలు వాస్తవం, పదో పేజీలో ఎర్రని తూర్పు. తొమ్మిది పేజీలపాటు నోరు విప్పని కూలివాడు పదో పేజీలో పిడికిలి బిగిస్తాడు. ఆ పిడికిలి అతనిది కాదు, రచయితది. దీనికి విరుగుడుగా ఇటీవల ఇంకో అలవాటు వచ్చింది. రైతు కథ అంటే శవం దగ్గర మొదలై శవం దగ్గర ముగియాలి. మధ్యలో పురుగుమందు డబ్బా ఉండితీరాలి. రెండూ యాంత్రికమే. మొదటిది జీవితాన్ని నమ్మక నినాదాన్ని నమ్ముకుంది. రెండోది మనిషి బతికిన నలభై ఏళ్లను వదిలి చచ్చిన ఒక్క రోజును పట్టుకుంది. ఆ నలభై ఏళ్లలో అతను ఎన్నిసార్లు పడి లేచాడో, ఎవరు లేపారో చెప్పని కథ, అతను చివరిసారి ఎందుకు లేవలేకపోయాడో మాత్రం ఎలా చెప్పగలదు?

ఈ సమస్యను ప్రపంచంలో అందరికన్నా నిజాయితీగా ఎదుర్కొన్నవాడు చైనా రచయిత లూషున్. 1919లో ఆయన 'మందు' అనే కథ రాశాడు. క్షయరోగంతో ఉన్న కొడుకును బతికించుకోవడానికి ఒక ముసలి దంపతులు, తల నరికి చంపిన విప్లవకారుడి రక్తంలో ముంచిన రొట్టెను కొని తినిపిస్తారు. కొడుకు బతకడు. చివర ఇద్దరు తల్లులు శ్మశానంలో ఎదురుపడతారు. విప్లవకారుడి సమాధి మీద ఎవరో పెట్టిన పూలదండ కనిపిస్తుంది. ఆ దండను తాను కావాలనే తెచ్చిపెట్టానని లూషున్ తరువాత తన తొలి కథాసంపుటి ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఉద్యమ సారథులు నిస్పృహను ఇష్టపడరు గనుక, తనలోని ఒంటరితనాన్ని యువకులకు అంటించడం తనకూ ఇష్టం లేదు గనుక అలా చేశానని అక్కడ వివరించాడు.

ఇందులో మనం గమనించవలసింది లూషున్ దండ పెట్టాడన్నది మాత్రమే కాదు, ఎంత పెట్టాడన్నది. చచ్చినవాడిని లేపలేదు. ముసలివాళ్ల మూఢనమ్మకం పోగొట్టలేదు. ఆ తల్లికి దండ అర్థం కూడా తెలియదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకున్నారు అన్న ఒక్క సంగతినే చేర్చాడు. ఆ చిన్న సంగతి ఆ సమాజంలో సాధ్యమే గనుక అబద్ధం కాలేదు. రచయిత చేర్చే ఆశకు హద్దు అది. జీవితం మోయగలిగినంతే చేర్చాలి.

ఇలాంటి తూకం మన ప్రాంతంలో నేర్పినవారు రా.రా. పులివెందుల తాలూకా పైడిపాలెంలో 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి మార్క్సిస్టుగా ఉండి కూడా, సిద్ధాంతం సరిగా ఉంటే సాహిత్యం సరిగా ఉన్నట్టే అన్న వాదనను ఏనాడూ మన్నించలేదు. 1968లో ఆయన కడపలో ప్రారంభించిన 'సంవేదన', 1976లో అచ్చయిన 'సారస్వత వివేచన' తెలుగు విమర్శకు మొహమాటం లేకుండా మాట్లాడటం నేర్పాయి. ఆయన విమర్శ కటువుగా ఉంటుందని నొచ్చుకున్నవారు ఉన్నారు. కానీ అబద్ధపు ఓదార్పు కంటే కటువైన నిజం పాఠకుడికి గౌరవం ఇస్తుంది. ఓదార్చవలసినవాడిగా కాక, ఆలోచించగలవాడిగా పాఠకుడిని చూడటమే ఒక ఆశావాదం. రా.రా. లోని ఆశావాదం ఆ రకంది.

6

కొండాపురం మండలం వారికి ఈ చర్చ పుస్తకాలది మాత్రమే కాదు. గాలేరు–నగరి పథకంలో భాగంగా పెన్న మీద కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. కరువుసీమకు నీళ్లు రావడం తరాల కోరిక. ఆ నీళ్లు నిలవడానికి ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్ద గ్రామం 2020లో ఆందోళనల మధ్య, ముంచుకొస్తున్న నీళ్ల మధ్య ఖాళీ అయింది. విద్వాన్ విశ్వం పెన్నలో నీళ్లేవని వెతికాడు. నీళ్లు వచ్చేసరికి ఊరేదని వెతుక్కోవలసిన మనుషులు ఇక్కడ ఉన్నారు. నీటి కోసం కన్న కల నిజమైనప్పుడు దాని ధర ఎవరు కట్టారన్న ప్రశ్నకు ఆశావాదమూ నిరాశావాదమూ రెండూ చాలవు.

వాళ్లకు కూడా ధైర్యవచనాలు తక్కువ కాలేదు. అభివృద్ధి కోసం త్యాగం అన్నారు. త్యాగం అన్నది ఇచ్చేవాడు వాడవలసిన మాట. పుచ్చుకునేవాడు వాడితే అది ఓర్పును అడుక్కోవడం అవుతుంది. కానీ పునరావాస కాలనీల్లో జరిగిన దానిని ఓర్పు అని మాత్రం అనలేం. కొత్త వీధిలో పాత ఇరుగుపొరుగు చెదరకుండా స్థలాలు కోరుకోవడం, పరిహారం జాబితాలో పేరు తప్పిపోయినవాడి కోసం జాబితాలో ఉన్నవాడు కూడా ఆఫీసు మెట్లెక్కడం, కూలికి కొత్త దారులు వెతుక్కోవడం, పిల్లల బడి ఆగకుండా చూసుకోవడం – ఇలాంటి చోట్ల నిబ్బరం ఉంటుంది. ఇది ఆవేశంగా ఉండదు, కనుక కథకుడి కంట పడదు. కాగితాల్లో, క్యూల్లో, పంపకాల్లో ఉంటుంది.

కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊరిపేర్ల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. కథలకు 1996లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న రచయిత, ఊరిపేర్ల వంటి పొడి విషయం మీద ఎందుకు అంత శ్రమ పడ్డారని విద్యార్థులు అడుగుతుంటారు. ఊరు నీళ్లకింద పోయాక ఈ ప్రశ్నకు జవాబు తెలుస్తుంది. పేరులో ఆ ఊరి చెరువు ఉంటుంది, చెట్టు ఉంటుంది, కులం ఉంటుంది, కట్టినవాడు ఉంటాడు. పేరు తెలిసినవాడు పోగొట్టుకున్నది ఏమిటో చెప్పగలడు. చెప్పగలిగినవాడు అడగగలడు.

కాబట్టి యువ రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ చెప్పవలసింది ఇది. మీ పాత్ర చివర గెలిచిందా ఓడిందా అన్న లెక్క పక్కన పెట్టండి. మూడు సంగతులు చూడండి. తన కష్టం ఎక్కడినుంచి వచ్చిందో అతనికి కొంతైనా తెలిసిందా? తెలిసిన తర్వాత మర్నాడు పొద్దున లేచి ఏ పని చేశాడు? ఆ పనిలో అతని పక్కన ఎవరున్నారు? ఈ మూడింటికీ కథలో జవాబు ఉంటే, అది శ్మశానంలో ముగిసినా పాఠకుడికి బలమిస్తుంది. జవాబు లేకపోతే, తూర్పు ఎంత ఎర్రబడినా తెల్లవారదు.

కరువు నేలలో రైతును "ఆశావాది" అని పొగడటం మన రచయితలకు అలవాటు. అతనికి ఆ బిరుదు అక్కరలేదు. అతనికి కావలసింది అదనుకు విత్తనం, చేనుకు నీళ్లు, గింజకు ధర, కష్టానికి తోడు. సాహిత్యం వీటిని ఇవ్వలేదు. ఇవి ఎందుకు లేవో అడిగే మాటను మాత్రం ఇవ్వగలదు. ఆ మాట ఇవ్వకుండా ధైర్యం ఒక్కటే ఇచ్చే సాహిత్యం, బాకీ వసూలుకు వచ్చినవాడి పక్కన నిలబడినట్టే.